చైత్రం పోయేలోగా సరుకు పోవాలి

బెంగాలీ ఏడాది చివరి నెలలో కోల్‌కతా ఫుట్‌పాత్‌ల మీద జోరుగా బేరాలు. కొనేవారికి అది సరదా, అమ్మేవారికి గడువు

ఏప్రిల్ మొదటివారం, సాయంత్రం ఆరు గంటలు. దక్షిణ కోల్‌కతాలోని గరియాహాట్ కూడలిలో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. ఇరువైపులా దుప్పట్లు, కర్టెన్లు, కుర్తీలు, స్టీలు గిన్నెల కుప్పలు. 'సేల్, సేల్, సేల్' అన్న కేక ఒక దుకాణం దగ్గర ఆగితే పక్కదాని దగ్గర మొదలవుతుంది. వచ్చిన మహిళ వయసును బట్టి 'దీదీ' అనో 'బౌది' అనో పిలుస్తారు. బౌది అంటే వదిన. ఆ వదిన గారు చెప్పిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెడుతుంది. ఉత్తరాన హాతీబగాన్‌లో, నడుమ న్యూ మార్కెట్ పరిసరాల్లోనూ ఇదే దృశ్యం. దీని పేరు చైత్ర సేల్.

తెలుగువారికి చైత్రంతో ఏడాది మొదలవుతుంది. సౌరమానం పాటించే బెంగాలీలకు దాంతోనే ముగుస్తుంది. ఏప్రిల్ 14న లేదా 15న వాళ్ల ఉగాది, పొయిలా బైశాఖ్. చైత్రంలో బెంగాలీలు పెళ్లిళ్లు పెట్టుకోరు. మన దగ్గర ఆషాఢం సేల్ వెనకున్న కారణమే ఇక్కడా ఉందన్నమాట. కానీ కోల్‌కతాలో దీనికి మరో ముడి ఉంది. దాని పేరు హాల్ ఖాతా. కొత్త ఏడాది తొలిరోజున వ్యాపారి ఎర్రబట్ట అట్టల కొత్త పద్దు పుస్తకానికి కాళీఘాట్‌లోనో దక్షిణేశ్వర్‌లోనో పూజ చేయిస్తాడు. పాత బాకీలు తీర్చడానికి వచ్చిన ఖాతాదారులకు మిఠాయి పెట్టె, క్యాలెండరు ఇస్తాడు. ఫుట్‌పాత్ వ్యాపారి టోకు వర్తకుడికి బాకీ ఉంటే అదీ అప్పటికే తేలాలి. అందుకే నిల్వ సరుకును డబ్బుగా మార్చుకునే తొందర.

అలాగని కుప్పలో ఉన్నదంతా నిరుటి సరుకు కాదు. సేల్ కోసమే చవకగా కుట్టించి తెచ్చేదీ బోలెడు. కొనేముందు కుట్టు లాగి చూడాలి. దుప్పటిని పూర్తిగా విప్పించి కొలవాలి. విప్పడానికి దుకాణదారు విసుక్కున్నాడంటే ముందుకు నడవడమే మేలు.

అభిరుచుల కోసం వెతికేవారికి నెలతో పనిలేదు. పాత పుస్తకాలకు కాలేజీ స్ట్రీట్, గ్రామఫోన్ రికార్డులకు ఫ్రీ స్కూల్ స్ట్రీట్ ఉన్నాయి. 1940లో మొదలైన రసెల్ ఎక్స్చేంజ్, పాత ఇళ్ల టేకు సామాన్లు, గడియారాలు, పింగాణీ వేలానికి పేరుపడింది.

చైత్ర సేల్‌కు అసలు భయాలు వేరు. 1996 నవంబరులో 'ఆపరేషన్ సన్‌షైన్' పేరుతో అప్పటి వామపక్ష ప్రభుత్వం గరియాహాట్ సహా పలుచోట్ల ఫుట్‌పాత్ దుకాణాలను కూల్చింది. వారు మెల్లగా తిరిగొచ్చారు. 2014లో వీధి వ్యాపారులకు చట్టం వచ్చింది. 2019 జనవరిలో గరియాహాట్‌లో ఓ పెద్ద భవనం తగలబడ్డాక స్టాళ్ల ప్లాస్టిక్ కప్పులపై కన్ను పడింది. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా ఈ నెలలోనే పడి సీజన్‌నే మింగేసింది. 2024 జూన్‌లో మళ్లీ తొలగింపులు మొదలై, తర్వాత నెల గడువు ఇచ్చారు. ఇవేవీ లేని ఏడాది కూడా కాలవైశాఖి ఉండనే ఉంది. సాయంత్రంపూట విరుచుకుపడే ఆ గాలివానకు గంట చాలు, ఓ రోజు వ్యాపారం తడిసిపోతుంది.

ఆఖరి రోజైన చైత్ర సంక్రాంతికి ధర ఇంకా దిగుతుంది. మూట కట్టి మోసుకెళ్లడం కంటే అయినకాడికి అమ్మడమే నయం కదా. కాకపోతే అప్పటికి మంచి రంగులు, సరైన సైజులు వెళ్లిపోయి ఉంటాయి. చివరిదాకా ఆగినవారికి మిగిలేది తరచుగా జతలేని దిండు గలీబులే.