క్రొత్త రంగునకు మెఱుగు

మన గజపతినగరపు రైతులు ట్రాక్టరునకు క్రొత్త రంగు వేయించినపుడు అది అద్దమువలె మెఱయవలెనని కోరుదురు. తొందర కూడదని మా మనవి.

ఆరిన రంగుపై నారింజతొక్క వంటి గతుకులు మిగులును. రుద్దుట వానిని చదును చేయుటకే. రంగు లోపలివఱకు గట్టిపడిన పిదప బండిని కడిగి, ఎఱ్ఱమట్టి రేణువైన లేకుండ చూచి, 1500, 2000, 3000 నంబరు వాటరు పేపర్లతో వరుసగా, నీరు పోయుచు, మెల్లగా రుద్దవలెను. అపుడు కలుగు మసకకు భయపడ నక్కఱలేదు. పాలిషుతో అది తొలగును. అంచులయొద్ద పొర పలుచన. అచ్చట చేయి తేలికగా నుండవలెను.

పైనున్న క్లియరు కోటు వెండ్రుకంత మందమైనను ఉండదు. ఎండనుండి రంగును కాచునది అదియే. అది అరిగిపోయినచో రంగు వెలియును. క్రింది పొరలును పోయినచో రేకు త్రుప్పుపట్టును. కావున గతుకులు పోయినంతనే రుద్దుట మానవలెను. మెఱపుకొఱకు కవచమును పోగొట్టుకొనరాదు గదా!