పంటి సూదికీ మనసు మాత్రకీ లంకె

పన్ను పీకే ముందు డాక్టరు ఎక్కువగా అడిగేవి రెండే: షుగరుందా, బీపీ ఉందా? మనసు జబ్బుకి రాత్రి వేసుకునే క్వెటియాపిన్ సంగతి ఆ రెండింట్లోనూ రాదు. పక్కనున్న తల్లి ‘‘నిద్రకి ఏదో మాత్ర వేసుకుంటాడండీ’’ అని సర్దేస్తుంది. నలుగురిలో ఆ జబ్బు పేరెత్తడం ఆమెకి ఇష్టముండదు. కానీ ఆ మాత్రకీ చిగుళ్లో గుచ్చే సూదికీ లంకె ఉంది.

చిగురు మొద్దుబారడానికి ఇచ్చేది లిగ్నోకెయిన్. అందులో రవ్వంత అడ్రినలిన్ కలుపుతారు. అది అక్కడి రక్తనాళాలను బిగించి, మందు కొట్టుకుపోకుండా నిలబెడుతుంది. నెత్తురూ తక్కువ కారుతుంది. అయితే అడ్రినలిన్ రెండు రకాల తలుపులు తడుతుంది. ఆల్ఫా తలుపు తెరుచుకుంటే నాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. బీటా-2 తెరుచుకుంటే కండరాల్లోని నాళాలు వదులై బీపీ దిగుతుంది. క్లోర్‌ప్రోమజైన్, క్లోజపిన్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్ లాంటివి మెదడులో డోపమిన్‌ని అదుపు చేస్తూ, పనిలో పనిగా ఆల్ఫా తలుపులకీ గడియ పెడతాయి. ఇక మిగిలింది బీటా దారే. బీపీ పెంచాల్సిన మందే దాన్ని దించుతుంది, గుండె దడ మాత్రం మామూలే.

ఈ తిరకాసును శాస్త్రవేత్త హెన్రీ డేల్ 1906లోనే రాశాడు. ఇలాగే ఆల్ఫాకి గడియ పెట్టే ఎర్గాట్ అనే బూజు మందు ఎక్కించిన పిల్లికి అడ్రినలిన్ ఇస్తే బీపీ పడిపోయింది. మొదట సరుకే పాడైందనుకున్నాడట.

మరి పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానాలా? లెక్క చూడండి. 1:80,000 పాళ్ల మందులో మిల్లీలీటరుకి 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్. 1.8 మిల్లీలీటర్ల గొట్టమంతా ఎక్కించినా 22.5. పెద్దవాళ్లకి అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ) వస్తే తొడలో పొడిచేది 500. ఒకటి రెండు గొట్టాలతో చాలామందికి ఏమీ కాదు. సూది రక్తనాళంలోకి దిగలేదని చూసుకుని, నెమ్మదిగా, తక్కువలో తక్కువ ఇస్తే చాలు. అడ్రినలిన్ అసలే వద్దనడం నాకు సరిగా తోచదు: మొద్దు తొందరగా దిగిపోయి నొప్పి పుడితే, ఒంట్లోంచి ఊరే అడ్రినలిన్ సూదిలోని దాన్ని మించిపోవచ్చు. ముందురోజు మాత్ర మానేయడం అంతకంటే తప్పు. సైకియాట్రిస్టుని అడగకుండా ఆపకూడదు.

ఒకవేళ ఈ మాత్రలవల్లే బీపీ పడిపోతే, దాన్ని లేపడానికి మళ్లీ అడ్రినలిన్ వాడితే మొదటికే మోసం. అనాఫిలాక్సిస్ మాత్రం వేరు, అప్పుడు అడ్రినలిన్ ఇవ్వాల్సిందే. జపాన్‌లో ఈ రెండు మందులూ కలవకూడదన్న నిషేధాన్ని 2018లో ఆ సందర్భానికి సడలించారు.

నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది సూది కాదు, కుర్చీ దిగే క్షణం. ఆల్ఫాకి గడియ పడ్డ ఒంట్లో, ముప్పావుగంట వెల్లకిలా పడుకున్న మనిషి చటుక్కున లేస్తే నెత్తురు కాళ్లలోకి జారి కళ్లు బైర్లు కమ్ముతాయి. కుర్చీ నిటారుగా చేశాక రెండు నిమిషాలు కాళ్లు కిందికి దించి కూర్చోవాలి. అప్పుడు లేవాలి, అదీ ఒకరి భుజం పట్టుకుని.