జవాబు అడగని ఉత్తరాలు

పోస్టుకార్డులు రాసిన తరానికి గుర్తుండే ఉంటుంది. పైన కుడివైపు ఊరు, తేదీ. కింద ‘ఉభయకుశలోపరి’. మీరూ మేమూ క్షేమం, ఇక అసలు సంగతికొద్దాం అని దానర్థం. చాలా కార్డుల్లో ఆ అసలు సంగతి ఉండేదే కాదు. కుశలం అడగడానికే కార్డు. అలాంటి ఉత్తరం బతుకు మీద విరక్తి పుట్టిన మనిషిని ఆపగలదా అని ఓ డాక్టరు నిజంగానే పరీక్షించి చూశాడు.

ఆయన జెరోమ్ మోటో, శాన్‌ఫ్రాన్సిస్కోలో మానసిక వైద్యుడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి నుంచి వచ్చిన ఉత్తరాలు తనకెంత ఆసరా ఇచ్చాయో ఆయన మరిచిపోలేదు. 1969లో ఆ పరీక్ష మొదలుపెట్టాడు. తీవ్రమైన కుంగుబాటుతోనో, చచ్చిపోవాలన్న తలంపుతోనో ఆస్పత్రిలో చేరి, ఇంటికెళ్లాక మాత్రం చికిత్స వద్దన్న 843 మందిని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఏమీ పంపలేదు. రెండో జట్టుకు ఐదేళ్లలో 24 ఉత్తరాలు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకు, ఆనక మూడు నెలలకు.

ఒక్కో ఉత్తరం రెండు మూడు వాక్యాలే. మీరు మాకు గుర్తున్నారు, బాగున్నారని తలుస్తాం, రాయాలనిపిస్తే రాయండి. అంతే. మందులు వేసుకుంటున్నారా అన్న ఆరా లేదు, ఫలానా తేదీన రమ్మన్న తాఖీదు లేదు. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని, మొదటి రెండేళ్లలో ఆ తేడా స్పష్టంగా ఉందని 2001లో అచ్చయిన ఫలితాలు చెప్పాయి.

మన ఇళ్లలో పలకరింపులకు కొదవేం లేదు. చిక్కంతా వాటి తీరుతోనే. ఇంటర్ తప్పిన పిల్లాడు, అప్పుల పాలైన రైతు, పక్క మీంచి లేవబుద్ధి కాని కోడలు... ఎవరైనా సరే, మనం ముందు అడిగేది ‘నీకేం తక్కువ?’ అని. ఇంతకన్నా క్రూరమైన ప్రశ్న నాకు తెలీదు. వెంటనే ‘ధైర్యంగా ఉండు’. ఆ ధైర్యమే ఉంటే సంగతి మన దాకా ఎందుకు వస్తుంది? ఆశ వదులుకోకు అంటాం గానీ, అలిసిపోయింది ఆ ఆశ పట్టుకున్న చెయ్యే. కొన్నాళ్లపాటు వాళ్ల వంతు ఆశను పక్కనున్నవాళ్లే మోయాలి. మోటో ఉత్తరాలు చేసింది ఆ మోతే. తిరిగి ఏమీ అడగలేదు కాబట్టి అవి బరువు కాలేదు.

ఇదేదో అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికొచ్చిన 1,867 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఓ అధ్యయనం జరిపింది. అది జరిగిన చోట్లలో మన పక్కనున్న చెన్నై ఒకటి. అక్కడ దాన్ని నడిపింది 1986లో ఆత్మహత్యల నివారణ కోసం ‘స్నేహ’ సంస్థను ప్రారంభించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. సగం మందికి మామూలు చికిత్సే. మిగతా సగానికి డిశ్చార్జి ముందు గంటసేపు మాట, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోనో, ఇంటికెళ్లి పలకరింపో. మామూలు చికిత్స జట్టులో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం. పలకరింపు అందిన జట్టులో 0.2 శాతం. 2008లో ఈ ఫలితాలు వచ్చాయి.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. న్యూజిలాండ్‌లో పోస్టుకార్డులు పంపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఉత్తరం మందుకు బదులు కాదు, డాక్టరుకూ బదులు కాదు. చావు ఆలోచన వెంటాడుతుంటే ఈ కథనం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ అది. పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏం చెప్పాలో తెలియకపోతే ఆ మాటే చెప్పండి.

ఇది రాస్తూ మధ్యలో లేచి, ఆరు నెలలుగా ఫోనెత్తని ఓ పాత స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ఎలా ఉన్నావని అడగలేదు. ‘మీ వీధి చివర టీ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే నువ్వు గుర్తొచ్చావురా. జవాబు ఇవ్వక్కర్లేదు’ అని రాశాను. కాసేపటికి రెండు టిక్కులూ నీలంగా మారాయి. జవాబు లేదు. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ పెడతాను.