బాలింత తలనొప్పి

బాలింతకు తలనొప్పి వచ్చెనన్న మన యిండ్లలో మొదట చలిగాలిని నిందింతుము. చెవులలో దూది యుంచి, నుదుట శొంఠిపట్టు వేయుదుము. ఒంటికి నీరు పట్టునని మంచినీళ్ళను గూడ కొలిచి యిత్తుము. మా శేరిలింగంపల్లిలో చుట్టును అద్దాల మేడలు లేచినవి. అందు పనిచేయు కోడలు పురుడై యింటికి వచ్చినపుడు మాత్రము ఆ కొలత చెంబు మారలేదు. శొంఠిపట్టునకు మేము విరోధులము గాము. నీళ్ళు తగ్గించుటకు విరోధులమే.

మెదడులోని చెడురక్తము సిరలగుండ కపాలము లోపలి పెద్ద కాలువలలో జేరి మెడలోనికి దిగును. పురిటి తరువాత కొన్ని వారములు స్త్రీ రక్తమునకు గడ్డకట్టు గుణము హెచ్చు. రక్తస్రావము నాపుటకై ప్రకృతి చేసిన యేర్పాటది. ఒంటిలో నీరు తగ్గుటయు రక్తహీనతయు తోడైనచో కాలువ పూడవచ్చును. తూము పూడిన చెఱువువలె రక్తము వెనుకకు ఎగదన్నును. తలనొప్పి, వాంతులు, చూపు మసక, మూర్ఛలు, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట దాని గుఱుతులు.

హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్ వైద్యులు ఇట్టి రోగులు 428 మంది వృత్తాంతమును 2012లో ప్రకటించిరి. అందు సగమునకు మించి పురుషులే యగుట మాకు ఆశ్చర్యము గలిగించినది. సగటు వయస్సు సుమారు 31 యేండ్లు. రక్తహీనత, మద్యపానము, గర్భనిరోధపు మాత్రలు, పురిటి స్థితి కారణములలో చెప్పబడినవి.

మొదట తీయునది సామాన్యముగ సి.టి. స్కాను. క్రొత్త గడ్డ అందు తెల్లని త్రాడువలె కనబడవచ్చును. కాని పెక్కుమందికి ఆ పటము బాగుగనే యుండును. ‘స్కానులో ఏమియు లేదన్నారు’ అని యింటివారు నెమ్మదించుట యిచ్చటనే ప్రమాదము. సిరలను జూపుటకు వీనోగ్రాము అను వేఱు పరీక్ష గలదు. సి.టి. వీనోగ్రాములో అయొడిను గల మందును నరమున కెక్కింతురు. కాలువ అంచులు వెలిగి, గడ్డయున్న నడిమి భాగము నల్లగ మిగులును. ఆ త్రికోణమును వైద్యులు ‘ఖాళీ డెల్టా’ యందురు. గోదావరివారికి పేరు పరిచితమే!

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణములు లేవు. సూదిమందు లేకయే రక్తపు నడకను బట్టి సిరలను చిత్రింపవచ్చును గనుక గర్భిణులకు మేలు. దానికిని మోసము గలదు. కొందఱికి పుట్టుకతోనే ఒక ప్రక్క కాలువ సన్నము. పటమున పూడినట్లు తోచును. తొలి దినముల గడ్డ యొకప్పుడు పాఱు నెత్తురువలె నల్లగ నుండును. అందుచే గడ్డను జూపు పటమును, ప్రవాహమును జూపు పటమును ప్రక్కప్రక్కన బెట్టి చదువుదురు.

గడ్డ తేలినచో హెపారిను ఇత్తురు. మెదడులో కొంత నెత్తురు చిమ్మియున్నను ఇత్తురని విని మేము మొదట నమ్మలేదు. 1991లో ప్రకటింపబడిన జర్మనీ పరీక్షలో 20 మందిని చూచిరి. మందు పొందిన పదిమందిలో ఎనమండుగురు పూర్తిగ కోలుకొనిరి, ఎవ్వరును మరణింపలేదు. పొందని పదిమందిలో మువ్వురు మరణించిరి.

కావున తగ్గని తలనొప్పితో వైద్యుని కడకు బోవునపుడు పురుడైన తేదీని, వాడుచున్న మాత్రల పేళ్ళను ముందుగ చెప్పుడు. స్కాను బాగున్నదన్నచో, సిరల పటము గూడ తీయవలెనా యని యడుగుడు.