విశాఖ తీరంలో ఇసుక ప్రయాణం

విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు తప్పక చూసి వచ్చేవి కొన్ని ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఓడరేవు, రామకృష్ణా బీచ్, ఒడ్డున నిలిపిన ‘కురుసుర’ జలాంతర్గామి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. వేటికవి వేరుగా కనిపించే వీటన్నిటికీ సంబంధమున్న వస్తువు ఒకటుంది. అది ఇసుక.

ఈ ఇసుక ఒకచోట ఉండదు. నడుస్తుంది! ఎలాగో చూద్దాం. ఇక్కడ మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి వచ్చి ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. పైకి వచ్చే అల ఇసుక రేణువును కొంచెం ఉత్తరంగా నెడుతుంది. తిరిగిపోయే నీరు మాత్రం వాలు వెంట తిన్నగా సముద్రంలోకి జారుతుంది. మళ్ళీ ఒక అల, మళ్ళీ ఒక జరుగుడు. రేణువు నడిచిన దారిని గీస్తే రంపం పళ్ళలా ఉంటుంది. ఈశాన్య ఋతుపవనాలప్పుడు కొంత ఇసుక వెనక్కి వస్తుంది కాని, ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏటా లక్షల ఘనపు మీటర్లు!

ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండే డాల్ఫిన్స్ నోస్. దీని రాయి పేరు ఖొండలైట్. తూర్పు కనుమల్లోని ఖోందు గిరిజనుల పేరు మీదుగా ఆ పేరు పెట్టారు. ఈ కొండ చాటున మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే చోట ఒకప్పుడు ఉప్పునీటి బురదనేల ఉండేది. దాన్ని తవ్వి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొట్టమొదట లోపలికి వచ్చింది.

కొండ రేవును కెరటాల నుంచి కాపాడుతుంది. ఇసుక నుంచి కాపాడలేదు. కొండను చుట్టివచ్చిన ఇసుక రేవు ముఖద్వారంలో పడి దారిని పూడుస్తుంది. అందుకని ఇంజనీర్లు రెండు పాత ఓడలను అక్కడే ముంచి, రాళ్ళు పోసి అడ్డుకట్ట చేశారు. దాని చాటున పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్లు తోడేసేవి. ఓడలు రావడానికి ఓడలనే ముంచడం తమాషాగా లేదూ? తర్వాత బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని తీసుకుపోయే భారీ ఓడల కోసం, పొడవైన అడ్డుకట్టలతో 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది.

ఇప్పుడు రేవుకు ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ సంగతి ఆలోచించండి. బీచ్ బ్యాంకు ఖాతా లాంటిది. దక్షిణం నుంచి ఇసుక జమ అవుతూ, ఉత్తరానికి ఖర్చవుతూ ఉండాలి. రేవు దగ్గర జమ ఆగిపోయింది. అలలు మాత్రం ఖర్చు ఆపలేదు. ఫలితం, ఒడ్డు కోసుకుపోవడం. ముప్పై ఒక్క ఏళ్ళు నౌకాదళంలో పనిచేసి, 2002లో ఇదే ఒడ్డున ప్రదర్శనశాలగా మారిన 91 మీటర్ల ‘కురుసుర’, పక్కనున్న రోడ్డు, మెట్లు అన్నీ ఈ ఖాతా మీద ఆధారపడినవే. అందుకే రేవులో తవ్విన ఇసుకను గొట్టాల ద్వారా తెచ్చి బీచ్ మీద పోస్తుంటారు. అంటే అలలు చేయవలసిన పనిని యంత్రాలు చేస్తున్నాయన్నమాట. పోసిన ఇసుకా అక్కడే ఉండిపోదు. వచ్చే ఋతుపవనాలకు అది కూడా ఉత్తరం దారి పడుతుంది.

ఆ దారిలో ముందుకు పోతే, భీమిలి చేరకముందే ఎర్రమట్టి దిబ్బలు కనిపిస్తాయి. ఇది వేల ఏళ్ళనాటి ఇసుక. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి బయటపడ్డ తీరపు ఇసుకను గాలి ఎగరేసి పోగుచేసింది. అందులోని ఇనుము ఉన్న ఖనిజాలు క్రమంగా శిథిలమై, రేణువులకు తుప్పు పూత పట్టింది. ఆ ఎరుపు అదే.

ఈసారి విశాఖ బీచ్‌కు వెళితే ఒక అయస్కాంతం పట్టుకెళ్ళండి. ఇసుకలో నల్లని చారలు కనిపిస్తాయి. అక్కడి ఇసుకను పిడికెడు తీసి, ఎండబెట్టి, కాగితం మీద పరచి, కింద అయస్కాంతం తిప్పండి. కొన్ని నల్లరేణువులు లేచి కదులుతాయి. అది మాగ్నటైటు. చలనం లేని తెల్లరేణువులు క్వార్ట్జ్. నల్లవాటిలో బరువైన ఖనిజాలు ఎక్కువ కాబట్టి, అలలు తేలికైన తెల్ల ఇసుకను ముందు లాక్కుపోతాయి. పెద్ద తుఫాను వెళ్ళిన మర్నాడు బీచ్ మరింత నల్లగా కనిపించేది అందుకే.