విసిరేదాకా వదలదు!

డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పారో లేదో కాళ్ల దగ్గర 'టప్' మని చప్పుడు. బొచ్చూడిపోయి, చొంగతో తడిసిన టెన్నిస్ బంతి. దాని వెనకే తోకాడిస్తూ టామీ. విసిరారు, తెచ్చింది. మళ్లీ విసిరారు, మళ్లీ తెచ్చింది. ఇరవైసార్లయ్యేసరికి మీ భుజం పట్టేసింది గానీ దానికి అలుపే లేదు. టీవీ ముందు కూర్చుంటే బంతి తెచ్చి ఒళ్లో వేస్తుంది. అన్నం తింటుంటే కంచం పక్కన పెడుతుంది. అది కాస్తా సోఫా కిందికి దొర్లిందా, ఇక అర్ధరాత్రి దాకా అక్కడే కూర్చుని కుయ్ కుయ్ మంటుంది.

గోదావరిఖని క్వార్టర్లలోనో, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లోనో, కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ కాలనీల్లోనో లాబ్రడార్‌ను పెంచుకునేవాళ్లకు ఇది రోజూ ఉండే భాగోతమే. మొదట్లో ముచ్చటగా ఉంటుంది. చుట్టాలొస్తే పిలిచి మరీ ఆడించి చూపిస్తాం. ఏడాది తిరిగేసరికి 'దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా' అన్న మాట మొదలవుతుంది. ఇక మన ప్రాంతపు ఎండాకాలంలోనైతే ఈ ఆట దాని ప్రాణానికే ముప్పు. ఎందుకంటే ఆట ఎక్కడ ఆపాలో కుక్కకు తెలియదు. ఆపాల్సింది మనమే.

చేపలు పట్టేవాళ్ల కుక్క

తెచ్చి ఇవ్వడం టామీకి మనం నేర్పిన విద్య కాదు. దాని ముత్తాతలది కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడి జాలర్లు గాలం నుంచి జారిపోయిన చేపలను, నీళ్లలో పడిన తాళ్లను కుక్కలతో తెప్పించుకునేవారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండు దొరలు వాటిని తీసుకెళ్లి, వేటలో కాల్చిన పిట్టలను తెచ్చే పనికి పెట్టారు. ఏ పిల్ల చక్కగా తెస్తే దాని సంతానాన్నే పెంచుతూ పోయారు. ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను ఓ జాతిగా గుర్తించింది. అలా తరాల తరబడి ఎంచి ఎంచి తయారుచేసిన పనివాడిని తెచ్చి మనం రెండు గదుల క్వార్టర్‌లో పెట్టాం. దానికి పని కావాలి. దొరికిన పని బంతి ఒక్కటే.

మన ఊరకుక్కకు బంతి విసిరి చూడండి. ఒకసారి అటు చూసి, మళ్లీ ముడుచుకుని పడుకుంటుంది. గొల్లకుర్మల మందల వెంట తిరిగే కుక్కను ఏ కాపరీ 'తెచ్చివ్వు' అనలేదు, 'కాపలా కాయి' అన్నాడు. దాని తెలివి దానిది.

2025లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పరిశోధకులు ఈ పిచ్చిని తీరిగ్గా పరీక్షించారు. ఆటబొమ్మలంటే బాగా ఇష్టపడే 105 కుక్కలను తీసుకున్నారు. వాటిలో 33 కుక్కల తీరు దాదాపు వ్యసనపరుల్లాగే ఉంది. బొమ్మను అందకుండా పెడితే ఎదురుగా తిండి పెట్టినా ముట్టలేదు, యజమాని ఆడదాం రమ్మన్నా పోలేదు. బొమ్మలన్నీ తీసేశాక కూడా కుదుటపడలేకపోయాయి. జూదం, వీడియో గేములు మనుషులను పట్టుకున్నట్టే అన్నమాట.

'బాగా ఆడించి అలసగొడితే అదే పడుకుంటుంది' అనేది మనలో చాలామంది చేసే వైద్యం. ఇది నిప్పులో నూనె పోసే వైద్యం. రోజూ వందసార్లు పరుగెత్తే కుక్క కొన్నాళ్లకు పహిల్వాన్ అవుతుంది. వంద చాలదు, నూటయాభై కావాలంటుంది. పైగా విసిరినకొద్దీ దాని ఉద్రేకం పెరుగుతుందే తప్ప తగ్గదు. అలసట వేరు, నెమ్మది వేరు.

కూలర్ లాంటి నాలుక

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు ఆ వసతి లేదు. అరికాళ్లలో కాస్త చెమట పట్టినా అది ఒంటిని చల్లబరచలేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న కూలర్. తడి నాలుక మీద గాలి ఆడితే నీరు ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. మన కిటికీకి బిగించిన కూలర్ పనిచేసేదీ అలాగే. మే నెలలో రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అంత ఎండలో, ఒత్తు బొచ్చు కప్పుకున్న లాబ్రడార్ పరుగెత్తుతుంటే కండరాల్లో పుట్టే వేడిని ఆ చిన్న నాలుక మోయలేదు. జులైలో వానలు పడ్డాక కూలర్ వేస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా... జిడ్డు తప్ప చల్లదనం ఉండదు. కుక్క పరిస్థితీ అంతే. చిరుజల్లు పడి ఉక్కపోసే సాయంత్రాన్ని చూసి 'చల్లబడింది, ఆడిద్దాం' అనుకోకూడదు.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అది 106 దాటితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతినడం మొదలవుతుంది. మామూలు కుక్క ఆ లోపే నీడకు పోయి పడుకుంటుంది. బంతి పిచ్చి పట్టిన కుక్క అలా చేయదు. తూలిపడేదాకా తెస్తూనే ఉంటుంది.

నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగి, చొంగ జిగురుగా మారితే వడదెబ్బకు అది తొలి హెచ్చరిక. వాంతి చేసుకున్నా, నడక తడబడినా క్షణం ఆలస్యం చేయొద్దు. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా కుళాయి నీళ్లు పోయండి, ఫ్యాను పెట్టండి. తడి తువ్వాలు చుట్టి వదిలేయకండి, దాంతో వేడి లోపలే ఉండిపోతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. మనం వేసుకునే జ్వరం మాత్ర అసలే వద్దు, అది కుక్కలకు విషమవుతుంది. కాస్త చల్లబరిచి, దారిలోనూ తడుపుతూ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నట్టు కనిపించినా సరే, డాక్టరుకు చూపించాల్సిందే. లోపలి దెబ్బ మర్నాడు బయటపడవచ్చు.

2003లో వచ్చిన హచ్ ప్రకటన తర్వాత మన పట్టణాల్లోకీ వచ్చిన పగ్ కుక్కలకైతే ముక్కే చదును. వాటికి ఊపిరే కష్టం. ఎండాకాలంలో వాటితో బంతాట మాటే ఎత్తకండి.

మిగతా జాతులకైనా మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామున తప్ప ఆట వద్దు. సాయంత్రం ఆరు దాటినా తారురోడ్డు, సిమెంటు గచ్చు చల్లారవు. అరచేతి వెనకభాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ నేల మీద కుక్క నడవకూడదు.

బంతి ఎవరిది?

మందుపాతరల రోజులు చూసిన ఈ జిల్లాలవాళ్లకు బాంబ్ స్క్వాడ్ కుక్కలు కొత్త కాదు. పోలీసు జాగిలాలకు ఇదే బంతి పిచ్చి పెద్ద అర్హత. చాలా దేశాల్లో బంతి కోసం ప్రాణం పెట్టే కుక్కనే ఏరి తీసుకుంటారు. పేలుడు పదార్థం వాసన పట్టి కూర్చుంటే శిక్షకుడు జేబులోంచి బంతి తీసి ఇస్తాడు. కుక్క లెక్కలో అది వెతుకుతున్నది బాంబును కాదు, బంతిని! కానీ ఆ బంతి ఎప్పుడూ శిక్షకుడి జేబులోనే ఉంటుంది. పని అయ్యాకే వస్తుంది, ఆట ముగియగానే మాయమవుతుంది.

మనింట్లో జరిగేది దీనికి తలకిందులు. బంతి కుక్క దగ్గర ఉంటుంది, అది ఎప్పుడు చెబితే అప్పుడు మనం విసురుతాం. కాబట్టి మొదట చేయాల్సింది బంతులన్నీ ఏరి బీరువాలో పెట్టేయడం. పొద్దున ఒకసారి, చలికాలమైతే సాయంత్రం ఇంకోసారి మాత్రమే బయటికి తీయండి. పది విసుర్లు చాలు. విసిరే ముందు కూర్చోమనండి, కూర్చుంటేనే బంతి. ఎత్తుగా విసిరితే అది గాల్లోకి ఎగిరి ఒళ్లు తిప్పుకుని పడుతుంది, మోకాలి నరం తెగేది అలాగే. అందుకే నేల మీద దొర్లించడం మేలు. నోట్లోంచి బంతి లాక్కోకండి. 'వదులు' అని, ముక్కు దగ్గర చిన్న ఉడికిన గుడ్డు ముక్క పెట్టండి. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. ఆ తిండిపోతుతనం ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. కాకపోతే ఆ ముక్కల లెక్క రాత్రి గిన్నెలో తగ్గించాలి.

ఆఖరి విసురు అయ్యాక రోజూ ఒకే మాట చెప్పండి, 'అయిపోయింది' అని. బంతి బీరువాలోకి పోవాలి. ఆ వెంటనే దానికి వేరే పని ఇవ్వండి. గుప్పెడు జొన్నరొట్టె ముక్కలు పెరట్లో గడ్డిలో చల్లి 'వెతుకు' అనండి. ముక్కుతో నెమ్మదిగా వెతికే పని కుక్కను కుదుటపరుస్తుంది. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుని, చెప్పినదాన్ని ఏరి తెచ్చేది. టామీకి 'చెప్పు', 'పేపరు', 'తువ్వాలు' నేర్పినా గొప్పే.

మొదటి వారం మాత్రం గుండె రాయి చేసుకోవాలి. బీరువా ముందు ఏడుస్తుంది, గీకుతుంది, నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ గోల చేస్తుంది. 'పాపం' అని తాతయ్య ఒక్కసారి తీసి విసిరాడో, కథ మొదటికొచ్చినట్టే. ఎంత గోల చేస్తే బంతి వస్తుందో అది లెక్క కట్టేసుకుంటుంది. కుక్కతోక పట్టుకుని గోదావరి ఈదడం ఎలాగూ కుదరదు. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి.

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. బంతి దగ్గరికి ఎవరు వచ్చినా ఒళ్లు బిగబట్టి గుర్రుమనే కుక్క ఉంటే, చిన్నపిల్లలను దానితో ఒంటరిగా ఆడనివ్వద్దు. పిల్లలు రాళ్లు, కట్టెలు విసరకుండా చూడాలి. రాయి పళ్లను అరగదీస్తుంది, కట్టె గొంతులో గుచ్చుకుంటుంది. మరీ చిన్న బంతి గొంతుకు అడ్డం పడుతుంది. ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి పిచ్చి ముదిరినా, కుంటుతున్నా, బంతి లేకుండానే గోడ మీద నీడల వెంట పరుగెత్తుతున్నా డాక్టరు చూడాల్సిందే. ఈ ప్రాంతంలో కోరుట్లలోనే పశువైద్య కళాశాల ఉంది.

ఆదిలాబాద్ చలి సింగిల్ డిజిట్‌లోకి దిగే డిసెంబరు ఉదయాలు లాబ్రడార్‌కు పండగ రోజులు. మంచు కురిసే చోటి నుంచి వచ్చిన జాతి మరి. కావాలంటే అప్పుడు పది విసుర్లను పదిహేను చేయండి. స్వెట్టర్ మాత్రం దానికి అక్కర్లేదు, మీరు వేసుకోండి.