రక్తం చెప్పే సాక్ష్యం

మా నాన్నగారికి మధుమేహం. రక్తపరీక్షకు రెండు రోజుల ముందు నుంచీ మిఠాయి మానేసి, రాత్రి అన్నం సగానికి తగ్గించేవారు. పరగడుపున తీసిన రక్తంలో చక్కెర అదుపులోనే కనబడేది. ఆ కాగితం మాకు చూపించి "చూశారటర్రా, నాకేం ఫరవాలేదు!" అని నవ్వేవారు. సాయంత్రానికి జిలేబీ పొట్లం వచ్చేది. కొన్నేళ్ళకు ఒక డాక్టరుగారు హెచ్‌బి ఎ1సి అనే వేరొక పరీక్ష రాశారు. దాంతో గుట్టు బయటపడింది.

ఇంతకీ అందులో ఉన్న కిటుకేమిటి? రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్ అనే ప్రోటీను. రక్తంలో తిరిగే గ్లూకోజు, ఏ ఎంజైము సాయమూ లేకుండానే, మెల్లమెల్లగా దీనికి అంటుకుంటుంది. బెల్లం పాకం చేతికి అంటినట్టన్నమాట. గ్లూకోజు ఎంత హెచ్చితే అంత ఎక్కువ హిమోగ్లోబిన్‌కు ఈ పాకం పడుతుంది. గట్టిగా అంటిందా, ఆ ఎర్రకణం నశించేదాకా వదలదు. ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కనుక ఈ ప్రోటీను గడచిన రెండు మూడు నెలల సంగతి చెబుతుంది. నిన్నటి ఉపవాసానికి మోసపోదు.

1968లో టెహరాన్‌లో శామ్యూల్ రహబర్ అనే శాస్త్రవేత్త, హిమోగ్లోబిన్ లోపాల కోసం రోగుల రక్తం పరీక్షిస్తూ, మధుమేహ రోగులలో ఈ తేడాను గుర్తించారు. తరువాత అమెరికా, కెనడాలలో 1,441 మంది మొదటి రకం మధుమేహ రోగులపై పెద్ద పరిశోధన జరిగింది. ఈ అంకెను తగ్గిస్తే కళ్ళకు, మూత్రపిండాలకు, నరాలకు కలిగే హాని బాగా తగ్గుతుందని 1993లో తేలింది.

5.7 శాతం లోపుంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు హెచ్చరిక. 6.5, ఆపైన ఉంటే మధుమేహం. నాన్నగారిది 9 దాటింది.

అయితే ఈ సాక్షినీ గుడ్డిగా నమ్మరాదు. ఇనుము చాలక రక్తహీనత వస్తే అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనబడవచ్చు. ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బులలో తక్కువగా కనబడవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మన ఇళ్ళలో ఈ రెండు పరీక్షలనూ కలిపి చూడాలి.

నాన్నగారికి అప్పటికే కంటి లోపలి పొర దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడాయన తెల్లన్నం తగ్గించి, పప్పూ కూరా పెంచి, రోజూ నడుస్తున్నారు. పరీక్ష కోసం కాదు, చూపు కోసం.

పరీక్ష ముందు రాత్రి మేలుకొని గట్టెక్కే విద్య మన విద్యార్థి లోకానికి కొత్త కాదు. రక్తం దగ్గర మాత్రం ఆ విద్య చెల్లదు. అది రోజూ హాజరు వేసుకొనే మాస్టారు!